చెక్క దెబ్బ సాగదు

చెక్కభజన చేసేవాళ్ళ చేతిలో చెక్కల జతను ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? జానెడు పొడవు కొయ్యలు రెండు, వాటిలో తొలిచిన సందుల్లో చిన్న చిన్న బిళ్ళలు. రెండు కొయ్యల్నీ ఒకే చేత్తో పట్టుకుని కొడతారు. కొయ్యకు కొయ్య తగిలి ముందు ‘టక్’మంటుంది, ఆ వెంటనే బిళ్ళలు గలగలమంటాయి. ముందూ వెనకా అంటున్నానే గానీ ఆ రెంటికీ మధ్య ఎడం మామూలు చెవికి అందదు. అయినా ఆ వరస చెడిందంటే మాత్రం చెవి ఇట్టే పట్టేస్తుంది. టక్కు చెదిరిపోయి గలగల ముందుకొస్తే అది చెక్క అనిపించదు.

పోయిన వేసవిలో కడప జిల్లాలో ఒక ఊరి రామాలయం ముందు పదహారు మంది బృందాన్ని ఆరు మైకులు పెట్టి రికార్డు చేశాను. ఒక ప్రైవేటు ఆల్బంలో ఒక్క పాట కోసం. ఎండ తగ్గాక మొదలుపెట్టి చీకటి పడేలోగా మూడు టేకులు చేశాం. రెండోది బ్రహ్మాండంగా వచ్చింది. ఏడు నిమిషాల పాట. హైదరాబాద్ వచ్చి ఫైళ్ళు అప్పగించేశాను. మూడు వారాల తర్వాత, ఫైనల్ మిక్సింగ్‌కు ముందు, ఆ పాటను బృందం గురువుగారికి ఫోన్లో పంపారట. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశారు.

“సారూ, పాట బాగుంది. చెక్కలు యాడివి?”

“మీవే గురువుగారూ. మీ ఊళ్ళో రికార్డు చేసినవే.”

“మావి ఎండిన చెక్కలు సారూ. ఇవి నానిన చెక్కలు.”

ఫైలు తెప్పించుకుని విన్నాను. ఆయనన్నది అక్షరాలా నిజం. ప్రతి దెబ్బా తడిసిన గోనెపట్టా మీద కొట్టినట్టుంది. కొన్నిచోట్ల ఒక దెబ్బ రెండుగా, ‘టటక్’ అని పడుతోంది. బిళ్ళల గలగల ఇసుక జారినట్టు వినిపిస్తోంది. చివరి చరణంలో గొంతులన్నీ బావిలోంచి పాడుతున్నట్టున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇవి పాట నిడివిని కంప్యూటర్లో లాగడం వల్ల, అంటే సాగదీత వల్ల, వచ్చే జబ్బులని వినగానే తెలిసిపోయింది.

ఇది ఒక్క పాట గొడవ అయితే పేపర్లో రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాళ్ళు పాటలు చేస్తున్నారు. అది మంచిదే, నేను సంతోషిస్తున్నాను. కానీ జానపదుల దగ్గరికి వెళ్ళి రికార్డు చేసుకురావడం, ఇంటికొచ్చి కంప్యూటర్లో గీసుకున్న గీతల మీదికి వాళ్ళ పాటను ఈడ్చుకురావడం ఒక అలవాటైపోయింది. ఆ ఈడ్పులో పాటకు తగిలే గాయాన్ని ఎలా మాన్పాలో నాకు తెలిసింది చెబుతాను. అసలు ఆ గాయం ఎందుకు చేయకూడదో కూడా చెబుతాను.

నేను పని నేర్చుకున్నది చెన్నైలో, సాలిగ్రామంలో, 1990ల చివర్లో. టేపు అప్పటికింకా పూర్తిగా పోలేదు. టేపును వేగంగా తిప్పితే పాట తొందరగా అయిపోతుంది, దాంతోపాటే శ్రుతీ పెరుగుతుంది. నూటికి ఆరు పాళ్ళు వేగం పెంచితే పాట ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. రెట్టింపు చేస్తే మధ్య షడ్జం పోయి తారా షడ్జమవుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసిన సినిమాను 25 ఫ్రేముల టీవీ పద్ధతిలో వేసినప్పుడు పాటలు కాస్త హెచ్చు శ్రుతిలో, కాస్త హడావుడిగా వినిపించేవి. దానికి కారణమూ ఇదే. టేపులో వేగమూ శ్రుతీ కవల పిల్లలు, ఒకరిని కదిపితే రెండోవాళ్ళూ కదులుతారు.

ఈ ఇద్దర్నీ విడదీయాలని ఇంజనీర్లు చాలాకాలం తంటాలు పడ్డారు. చివరికి రెండు దారులు నిలబడ్డాయి. ఈనాటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ రెంటి మీదో, రెంటినీ కలిపో నడుస్తాయి.

మొదటిది పూలదండ దారి. ధ్వనిని మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. పాట పొడవు కావాలంటే కొన్ని ముక్కల్ని రెండేసిసార్లు అతికిస్తారు, పొట్టి కావాలంటే కొన్నిటిని తీసేస్తారు. దండలో అక్కడక్కడా ఇంకో పువ్వు గుచ్చినట్టన్నమాట. ఒక్క గొంతు సాగి పాడుతున్నప్పుడు పక్కపక్క పువ్వులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎక్కడ గుచ్చారో తెలియదు. దెబ్బ ఉన్నచోట గుచ్చితే మాత్రం ఆ దెబ్బే రెండుసార్లు వస్తుంది. మా పాటలో వినిపించిన ‘టటక్’ ఇదే. తీసేసిన ముక్కలో దెబ్బ ఉంటే ఆ దెబ్బ మాయమవుతుంది.

రెండోది తాడు దారి. 1966లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ అనే ఇద్దరు ఫేజ్ వోకోడర్ అనే పద్ధతి కనిపెట్టారు. వాళ్ళకు పాటలతో పనిలేదు, మాటను తక్కువ ఖర్చుతో దూరం పంపడం వాళ్ళ అవసరం. పేనిన తాడును పోగులు పోగులుగా విడదీసినట్టు ధ్వనిని వందల శుద్ధ స్వరాలుగా విడదీస్తారు. ఒక్కో పోగునూ కావలసినంత సాగదీసి మళ్ళీ పేనుతారు. తంబుర, వయొలిన్, తీగల మోత లాంటివి ఈ దారిలో చాలా అందంగా సాగుతాయి. అయితే మళ్ళీ పేనేటప్పుడు పాత మెలిక తిరిగి రాదు. పోగులన్నీ ఒక్క క్షణంలో ఒకేచోట కలిస్తేనే దెబ్బ పుడుతుంది. ఆ కలయిక తప్పితే దెబ్బ చెదిరిపోయి నీళ్ళలో నానినట్టవుతుంది. గురువుగారు ఏ పుస్తకమూ చదవకుండా ఒక్క మాటలో చెప్పింది దీన్నే.

చెదరడం ఎంత అంటే, అదీ లెక్క కట్టొచ్చు. మేం సెకనుకు 48,000 నమూనాల చొప్పున రికార్డు చేస్తాం. సాఫ్ట్‌వేర్ 4,096 నమూనాల కిటికీలోంచి ధ్వనిని చూసిందనుకోండి, ఆ కిటికీ 85 మిల్లీసెకన్ల వెడల్పు. చెక్క దెబ్బ లేవడానికి నాలుగైదు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆ చిటికెడు దెబ్బ 85 మిల్లీసెకన్ల మీద పరుచుకుంటుంది, అదీ వెనక్కే కాకుండా ముందుకు కూడా. దెబ్బ పడకముందే దాని నీడ పడుతుంది. మరి కిటికీని చిన్నది చేస్తే? 512 నమూనాల కిటికీ పెడితే దాదాపు 11 మిల్లీసెకన్లు. దెబ్బ బాగానే నిలుస్తుంది, కానీ మగవాళ్ళ మంద్ర స్వరంలో ఒక్క కంపనానికే తొమ్మిది మిల్లీసెకన్లు కావాలి. అంత చిన్న కిటికీలోంచి ఆ స్వరం ఏదో సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు, గొంతు గరగరలాడుతుంది. క్షణాన్ని పట్టుకుంటే స్వరం జారుతుంది, స్వరాన్ని పట్టుకుంటే క్షణం జారుతుంది. ధ్వనికి ఈ హద్దు ఉందని డెనిస్ గాబర్ 1946లోనే లెక్కలతో చూపించాడు. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ అందుకున్న గాబరే ఆయన. ఎన్ని లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ హద్దు చెరగదు. నేర్పుగా దాటినట్టు భ్రమ కల్పించడమే మంచి సాఫ్ట్‌వేర్ చేసే పని.

ఇప్పుడు మా పాటకు ఏం జరిగిందో చెబుతాను. ప్రోగ్రామింగ్ చేసిన కుర్రాడు నిమిషానికి 104 బీట్ల మీద కీబోర్డులు, బేస్ కట్టుకున్నాడు. బృందమేమో 96 దగ్గర మొదలై, పాట సాగేకొద్దీ వేడెక్కి, ఆఖరున 118 దాకా వెళ్ళింది. మొదటి భాగాన్ని నూటికి ఏడెనిమిది పాళ్ళు కుదించాడు, చివరి భాగాన్ని పదమూడు పాళ్ళు సాగదీశాడు. ఆరు మైకుల్నీ విడివిడిగా లాగాడు. అన్నిటికీ ఒకే మోడ్, కలగాపులగం ధ్వనులకు వాడే పాలీఫోనిక్. తర్వాత సంగీత దర్శకుడు 104 మందంగా ఉంది, 108 చేయమన్నాడు. కుర్రాడు అసలు ఫైలు దగ్గరికి వెళ్ళకుండా, అప్పటికే లాగిన ఫైలునే మళ్ళీ లాగాడు.

ఆ కుర్రాణ్ణి తిట్టాలని నాకు లేదు. వాడికి చెవి ఉంది, ఓపిక ఉంది. సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు, అంతే. పక్కన కూర్చోబెట్టుకుని ఒక రాత్రంతా ఆ పాట మీద పనిచేశాం. చేసింది వరసగా చెబుతాను, ఈ పనిలో ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

ముందు లాగిన ఫైళ్ళన్నీ పక్కన పడేసి, ఊళ్ళో రికార్డు చేసిన అసలు ఫైళ్ళు తెరిచాం. ఎన్నిసార్లు టెంపో మార్చినా అసలు దాన్నుంచే లాగాలి. లాగినదాన్ని లాగితే మొదటి చెదురు మీద రెండో చెదురు పడుతుంది. రెండోది, ఆరు మైకుల్నీ ఒక గ్రూపుగా కట్టేశాం. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు, అంటే అడుగు కంటే కాస్త ఎక్కువ ప్రయాణిస్తుంది. రెండు మీటర్ల ఎడంలో ఉన్న మైకుకు అదే దెబ్బ ఆరు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గుడి ముందు ఆ వాకిలి ఎంత వెడల్పో వినేవాడి చెవికి చెప్పేది ఆ ఆలస్యమే. ఒక్కో మైకును ఒక్కో రకంగా లాగితే వాకిలి కూలిపోతుంది, దెబ్బ ఎడమ నుంచి కుడికి తచ్చాడుతుంది.

మూడోది చాలా విసుగు పుట్టించే పని. సాఫ్ట్‌వేర్ తనంతట తాను దెబ్బలకు గుర్తులు పెడుతుంది. ఏడు నిమిషాల్లో ఏడు వందల పైచిలుకు దెబ్బలు. అది పెట్టిన గుర్తుల్ని ఒక్కొక్కటీ కంటితో చూసి, చెవితో విని సరిచేశాం. పాటలోని ‘ట’, ‘ప’, ‘క’ అక్షరాల్ని అది దెబ్బలనుకుంది. బిళ్ళల మోతలో మునిగిన అసలు దెబ్బల్ని వదిలేసింది. ఈ మెట్టు ఎగ్గొట్టి ఏ మోడ్ మార్చినా ఫలితం ఉండదు.

ఆ తర్వాతే మోడ్ సంగతి. ప్రో టూల్స్‌లో 2007 నుంచీ ఎలాస్టిక్ ఆడియో ఉంది, ఏబుల్టన్‌లో వార్ప్, లాజిక్‌లో ఫ్లెక్స్. పేర్లు వేరైనా అన్నింటిలోనూ దెబ్బలకు ఒక మోడ్, ఒంటి గొంతుకు ఒక మోడ్, కలగాపులగానికి ఒక మోడ్ ఉంటాయి. టేపులా శ్రుతితో సహా లాగే మోడ్ కూడా ఒకటుంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. శ్రుతి లేని వాయిద్యానికి అంతకంటే శుభ్రమైనది లేదని నా అనుభవం. ఒంటరిగా రికార్డు చేసిన చెక్కల్నీ చిడతల్నీ నూటికి రెండు మూడు పాళ్ళు అలా లాగితే దెబ్బ చెక్కుచెదరదు. మృదంగానికి, తబలాకు శ్రుతి ఉంది కనుక అక్కడ పనికిరాదు. రెండు పాళ్ళు లాగితే స్వరస్థానంలో మూడోవంతు జరిగిపోతుంది, పక్కన వీణో వయొలినో ఉంటే వెంటనే పట్టిస్తుంది.

మా పాటలో చెక్కల మైకులో గొంతు పడింది, గొంతు మైకులో చెక్కలు పడ్డాయి. అందుకని లాగడం మానేసి కోశాం. ప్రతి దెబ్బకూ ఒక వెంట్రుకవాసి ముందు కోసి, దెబ్బను దెబ్బగానే ఉంచి, మొత్తం ముక్కను జరిపాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏర్పడిన ఖాళీలో ఆ వాకిలి నిశ్శబ్దాన్ని పరిచాం. నేను ఏ ఊరెళ్ళినా పాట లేకుండా రెండు నిమిషాలు ఉత్తినే రికార్డు చేసుకొస్తాను. అక్కడి గాలి, దూరంగా మేకలు, గుడి లోపలి ఫ్యాను. అతుకు దగ్గర ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగేలా అయిదు నుంచి పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్. పాట లేకుండా చెక్కలు మాత్రమే ఆడే చోట్ల ఇది నూటికి నూరుపాళ్ళు పనిచేసింది. గొంతు సాగుతున్న చోట్ల మాత్రం రెండు దెబ్బల మధ్య ఉన్న స్వరాన్నే కాస్త లాగక తప్పలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి విన్నాం. చెక్కలు ఎండాయి. ‘టక్’ తర్వాత గలగల, ఏ దెబ్బకా దెబ్బ విడిగా, గట్టిగా. కుర్రాడి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఏదో వెలితిగా ఉంది. మళ్ళీ విన్నాను. ఆఖరి చరణంలో వాళ్ళు 118 మీద ఎగురుతూ కొట్టిన దెబ్బలు 108 మీద పడుతున్నాయి. ఎగిరినవాళ్ళ కాళ్ళ గజ్జెలు గాల్లో ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు ఉంటున్నాయి. మొదటి చరణంలో నెమ్మదిగా, అడుగు తీసి అడుగు వేసిన పెద్దవాళ్ళు పరుగు అందుకోలేక రొప్పుతున్నట్టున్నారు. దెబ్బలో లోపం లేదు. నడక పోయింది.

సాగదీత వల్ల వచ్చే గరగర, నాను, జంట దెబ్బ పైకి కనిపించే గాయాలు, వాటికి మందు ఉంది. వేడెక్కుతూ పోయే పాటను చదును చేయడం లోపలి గాయం. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ వాడితే అది అంత బాగా దాగిపోతుంది. అందుకే నాకు భయం.

కచేరీలో కాలప్రమాణం ఉయ్యాలలూగితే తప్పే. అక్కడ విద్వాంసుడు ఎత్తుకున్న నడకను చివరిదాకా నిలబెట్టడం విద్య. చెక్కభజన ధర్మం వేరు. నెమ్మదిగా ఎత్తుకుని, అడుగు మార్చినప్పుడల్లా ఒక పిసరు పెంచుతూ, ఆఖరున చూసేవాళ్ళ గుండె ఆగేలా కొట్టి ఒక్కసారిగా ఆపడం అందులోని విద్య. పదహారు మంది ఒకరి కాలు చూసి ఒకరు, ఒకరి చెక్క విని ఒకరు, చెవిలో తాళం చెప్పే ఏ క్లిక్కూ లేకుండా కలిసి వేగం పెంచుతారు. దానికి ఏళ్ళ సాధన కావాలి. దాన్ని ‘టెంపో డ్రిఫ్ట్’ అని స్క్రీన్ మీద ఎర్రగా చూపించి తప్పుల జాబితాలో రాస్తున్నాం. తాళం తప్పడం వేరు, కాలం పెంచడం వేరు. ఈ తేడా మన పల్లెల్లో చిన్నపిల్లలకు తెలుసు.

ఆ తెల్లవారే కుర్రాడితో అన్నాను, “వాళ్ళను ఎందుకు లాగుతున్నాం? మన కీబోర్డుల్ని లాగుదాం.” కంప్యూటర్లో కట్టిన బేస్, కీబోర్డు మిడి రూపంలో ఉన్నాయి. మిడిలో ధ్వని ఉండదు, ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న ఆజ్ఞ మాత్రమే ఉంటుంది. దాన్ని ఎంత లాగినా గీత పడదు. బృందం దెబ్బల మీద కొలత గీతలు పెట్టుకుంటూ వెళ్ళి ఒక టెంపో మ్యాప్ తయారుచేశాం. ప్రో టూల్స్‌లో చేత్తో గుర్తులు పెట్టుకోవచ్చు, క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్ ఉంది, లాజిక్‌లో 2018 నుంచి స్మార్ట్ టెంపో ఉంది. గంటన్నరలో పనైపోయింది. రాత్రంతా ఏడు వందల దెబ్బల మీద పడ్డ కష్టానికి ఇది పదోవంతు లేదు. 96 దగ్గర మొదలైన బేస్ ఆ పదహారు మంది వెనకాలే నడిచి, వాళ్ళతోపాటే 118కి ఎగిరింది. సంగీత దర్శకుడు విని రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత “ఇలాగే ఉంచండి” అన్నాడు.

ఎదురు వాదనలు నాకు తెలుసు. డ్యాన్స్ మాస్టర్లకు స్థిరమైన బీట్ కావాలి, డీజేలకు కావాలి, రీల్స్‌లో ముప్పై సెకన్ల ముక్కకు కావాలి. నిజమే. అలాంటప్పుడు మొదటే బృందానికి చెప్పండి, చెవిలో క్లిక్ పెట్టండి, వాళ్ళు దాని మీద సాధన చేయడానికి ఒక రోజు ఇవ్వండి, ఆ రోజుకు కూలి ఇవ్వండి. ‘తర్వాత కంప్యూటర్లో సర్దేస్తాం’ అనే మాట ఎక్కువగా పుట్టేది ఆ రోజు కూలి మిగుల్చుకోవడానికే. నేను చాలా సెషన్లలో విన్నాను ఈ మాట. పదహారు మందికి రెండో రోజు భోజనం, బస్సు చార్జీలు లెక్కేసి, అంతకంటే ఒక సాఫ్ట్‌వేర్ చవక అని తేల్చడం నాకు కష్టంగా ఉంటుంది.

ఈ చెదురునే కళగా మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1990ల్లో ఇంగ్లండ్‌లో జంగిల్ సంగీతం చేసిన కుర్రాళ్ళు అకాయ్ శాంప్లర్లలో గొంతును విపరీతంగా సాగదీసి, ఆ ఇనుప గరగరనే కావాలని వాడుకున్నారు. అది వాళ్ళ ఎంపిక, వినడానికి గొప్పగానూ ఉంటుంది. కావాలని చేయడానికీ, తెలియక చేసి పల్లె కళాకారుడి పేరు మీద విడుదల చేయడానికీ చాలా దూరం ఉంది.

శాస్త్రీయ సంగీతం వాళ్ళు కూడా ఒకటి గమనించాలి. తోడిలో గాంధారాన్ని ఊపేటప్పుడు ఆ ఊపుకు ఒక సహజమైన వేగం ఉంటుంది. గాయని అదే కృతిని విలంబంలో పాడితే ఊపును నిదానం చేయదు, ఊపుల సంఖ్య మార్చుకుంటుంది లేదా స్వరం మీద నిలుస్తుంది. యంత్రానికి ఈ వివేకం లేదు. నూటికి పదిహేను పాళ్ళు సాగదీస్తే గమకం కూడా అంతే సాగి, తూగు పోయి నిద్రమత్తులో పాడినట్టవుతుంది. నాట్య ప్రదర్శనలకు పాత రికార్డింగుల్ని నిదానం చేసి వాడుకునే గురువులకు ఇది నా విన్నపం: ఒక గాయనిని పిలిచి ఆ కాలంలో మళ్ళీ పాడించుకోండి.

మాట దగ్గర సాగదీత ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. మన భాషలో అక్షరం నిడివే అర్థం. ఒక డబ్బింగ్ పనిలో నటి పెదవులు ఆలస్యంగా మూతపడుతున్నాయని ఒక్క మాటను లాగారు. ‘ఇది నా కల’ అన్నది ‘ఇది నా కాల’ అయింది. పటం, పట్టం మధ్య తేడా ‘ట’ దగ్గర నాలుక అంటుకుని ఆగే ఆ చిన్న నిశ్శబ్దంలోనే ఉంది. దాన్ని సాగదీస్తే గోడమీది పటానికి పట్టం కట్టినట్టవుతుంది, కుదిస్తే అత్త కాస్తా ‘అత’ అవుతుంది. మాటను సర్దాల్సి వస్తే మాటకూ మాటకూ మధ్య ఉన్న విరామాన్ని, తప్పదనుకుంటే దీర్ఘాన్ని ముట్టుకోండి. హ్రస్వాన్ని, ఒత్తును వదిలేయండి. ఇంకా మంచిది, డబ్బింగ్ కళాకారిణి ఇంకా బూత్‌లోనే ఉందేమో చూసి, “అమ్మా, ఇంకొక్కసారి” అనండి. నిమిషం పని.

అసలు సాగదీత అవసరమే లేని చోట్ల కూడా చేస్తుంటారు. పెళ్ళి వీడియో తీసినాయన ఒకరు, నాదస్వరం వేగంగా, హెచ్చు శ్రుతిలో వినపడుతోందని, ఎంత లాగినా గరగర పోవట్లేదని వచ్చారు. రికార్డరులో 44,100 మీద రికార్డు చేసిన ఫైలును వీడియో ప్రాజెక్టు 48,000గా చదువుతోంది. నూటికి దాదాపు తొమ్మిది పాళ్ళు వేగం, ఒకటిన్నర స్వరస్థానం శ్రుతి అలా పెరిగాయి. ఫైలు లక్షణాల్లో ఒక్క అంకె సరిచేస్తే గట్టిమేళం మళ్ళీ గట్టిమేళమైంది. ఏదైనా ఫైలు అటూ ఇటూగా తొమ్మిది పాళ్ళ తేడాతో పరుగెడుతుంటే లాగేముందు ఆ అంకె చూడండి. అలాగే వాట్సాప్‌లో వచ్చిన పాటను లాగకండి. చిన్నది చేయడానికి అప్పటికే అందులోంచి చాలా తీసేసి ఉంటారు. లాగితే ఆ చిల్లులు పెద్దవవుతాయి. పంపినవాళ్ళను అసలు ఫైలు అడగండి.

ఇంట్లో తాతగారి హరికథ క్యాసెట్టో, నాయనమ్మ పాడిన మంగళహారతి టేపో ఉన్నవాళ్ళు ఈ మధ్య చాలామంది నా దగ్గరికి వస్తున్నారు. శుభ్రం చేయమంటారు, వేగం సర్దమంటారు, కింద బీట్ పెట్టమనేవాళ్ళూ ఉన్నారు. ఏది చేసినా చేయకపోయినా అందరికీ ఒకటే చెబుతున్నాను, ఇక్కడా అదే రాస్తున్నాను. మొదటి కాపీని టేపు ఎలా మోగిందో అలాగే, చప్పుడుతో, గరగరతో, తప్పుడు వేగంతో సహా, కుదించని వావ్ ఫైలుగా తీయించుకోండి. 24 బిట్లు, 48,000 మీద స్టీరియోలో గంటకు ఒక గిగాబైట్ అవుతుంది, సినిమా ఒకటి ఫోన్లో దాచుకున్నంత చోటు కూడా పట్టదు. దాన్ని రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న మీవాళ్ళ దగ్గర ఉంచండి. లాగాలన్నా, కోయాలన్నా, బీట్ పెట్టాలన్నా దాని నకలు మీదే చేయండి. ఆ మొదటి ఫైలును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి, నాలాంటి సౌండ్ ఇంజనీరునైనా సరే.